మెమూనా కషాయం మీద పడ్డ నింద

కొనొంగో పాత బస్సు స్టేషన్‌లో ఇప్పటికీ ఒక మాట తిరుగుతూనే ఉంది. మెమూనా తాను అమ్మే కషాయంలో ట్రామోల్ అనే మత్తు మాత్రలు నూరి కలిపేదని, అందుకే డ్రైవర్ల యూనియన్ వాళ్ళు ఆమె బల్లను స్టేషన్‌లోంచి ఎత్తేయించారని. నూరుతుండగా కళ్ళారా చూశామనేవాళ్ళు కూడా ఉన్నారు. అలా చూసినవాళ్ళలో ఒకామె ఆ ఏడాదంతా కూతురి పురిటికని ఎక్కడో దూరాన తమాలే ఊళ్ళో ఉంది. ఇంకొకాయనకు పట్టపగలు ఎదురుగా వచ్చే బస్సే సరిగ్గా ఆనదు. గట్టిగా అడిగితే ఎవరో చెప్పారంటారు. ఆ ఎవరో దగ్గరికి వెళితే ఇంకెవరి పేరో చెబుతారు. ఒక్కొక్క గడపా ఎక్కి దిగి అందరినీ కదిపి చూసిన మీదట తేలిందేమిటంటే, ఆ మాట పుట్టింది ఒకే ఒక్కడి నోట్లో. అతను క్వాసి అటకోరా. అతని సంగతి మొదటినుంచీ చెబితే తప్ప మెమూనా సంగతి తేలదు.

అటకోరాకు యాభై రెండేళ్ళు. ఇరవై ఏడేళ్ళుగా కొనొంగో నుంచి అక్రాకు బస్సు తోలుతున్నాడు. గంజి పెట్టిన చొక్కా, మెరిసే బూట్లు, చర్చిలో పెద్దరికం, యూనియన్ కమిటీలో నాలుగో కుర్చీ. దారికి అడ్డంగా మేక వచ్చినా తిట్టే మనిషి కాదు, హారన్ కొట్టి ఊరుకుంటాడు. అక్రాలో పిన్ని ఇంటికి పిల్లని ఒంటరిగా పంపాలంటే తల్లులు అతని బస్సు వచ్చేదాకా కాచుకుని కూర్చునేవారు. అతని భార్య సెర్వా రొట్టెలు కాల్చి స్టేషన్‌లో అమ్ముతుంది. ఆమె రొట్టెలకన్నా ముందు మొగుడి మంచితనం అమ్ముడుపోయేదని తోటి ఆడవాళ్ళు ఎగతాళి చేసేవారు. ఆ ఎగతాళికి సెర్వా లోలోపల మురిసిపోయేది.

ఎవరికీ తెలియనిది అతని నడుము. రోజుకు తొమ్మిది గంటలు అదే సీట్లో కూర్చుని కూర్చుని వెన్ను చివర మేకు దిగినట్టుండేది. నాలుగేళ్ళ కిందట ఒక శనివారం, చావు భోజనాలకు పోయేవాళ్ళతో బస్సులు కిటకిటలాడుతున్న రోజు, దిగి నిలబడదామంటే కాళ్ళు లేవలేదు. పంక్చర్ షాపువాడు జాలిపడి ఒక మాత్ర చేతిలో పెట్టాడు. ట్రామోల్. నొప్పి పోయింది. నొప్పితోపాటు అలుపు పోయింది, విసుగు పోయింది, ఇంటి చింతలు కూడా కాసేపు పోయాయి. అక్కణ్ణుంచి శనివారానికి ఒకటి, తర్వాత రోజుకు ఒకటి, ఆ తర్వాత బండి కదిలిన ప్రతిసారీ. మాత్రలు బస్సులో ఫ్యూజుల పెట్టె మూత వెనక దాచేవాడు. మత్తు కోసం మింగేవాళ్ళు వేరు, నడుము కోసం మింగేవాళ్ళు వేరు అని తనకు తానే చెప్పుకునేవాడు. చెప్పుకుని చెప్పుకుని ఆ మాటను నమ్మేశాడు కూడా.

పొద్దున్నే బండి తీసేముందు మెమూనా బల్ల దగ్గర ఒక కప్పు కషాయం తాగడం అంతకుముందునుంచీ ఉన్న అలవాటు. పన్నెండేళ్ళ అలవాటు. వేప బెరడు, అల్లం, ఇంకా ఆమె ఎవరికీ చెప్పని ఆకులేవో. మెమూనా ముస్లింలుండే జొంగో వీధి మనిషి, భర్త పోయాక ఆ బల్లే ఆమె సంసారం. మక్కా ముఖం ఎరగకపోయినా అందరూ ఆమెను హజియా అనే పిలిచేవారు. ఇంతమంది పిలిచాక ఒకనాటికైనా వెళ్ళకపోతే మిమ్మల్ని అబద్ధాలకోరుల్ని చేసినదాన్నవుతానని ఆమె నవ్వేది. అటకోరాకు వేరే కప్పు ఉంచేది. ఎవరికీ పొయ్యకముందు తాను ఒక గుక్క తాగి చూసేది.

కిందటేడు వానల్లో ఈ స్టేషన్ డ్రైవరే ఒకడు పెద్ద వంపు దగ్గర బస్సును లోయలోకి వదిలేశాడు. అతనూ పోయాడు, ప్రయాణికులు ఆరుగురు పోయారు. చొక్కా జేబులో మాత్రలు దొరికాయి. అతనికి బండి నేర్పింది అటకోరానే. శవపేటిక ముందు నిలబడినప్పుడు అటకోరా చెయ్యి తన జేబును తడుముకుంది.

ఆ నెల యూనియన్ సమావేశంలో అందరికన్నా ముందు లేచింది అతనే. మనల్ని పోలీసులు పట్టి పరీక్షించేదాకా ఎందుకు, మనమే మన మనుషులకు పరీక్ష పెట్టుకుందాం అన్నాడు. బలవంతం ఉండకూడదు. ఇష్టమైన సభ్యుడు పేరిస్తాడు, పేరు బదులు అంకె వేస్తారు, నర్సు వచ్చి మూత్రం తీసుకుపోతుంది, వారం తర్వాత చీటీ మూసిన కవరులో అతని చేతికే ఇస్తుంది. బస్సు యజమానికి చెప్పరు, పోలీసుకు చెప్పరు, పెళ్ళానికి కూడా చెప్పరు. చీటీలో మందు కనబడితే బండి లాక్కోరు, మానిపించే ఆసుపత్రికి కాగితం రాసిస్తారు. అంతా మంచి మాటే. ఇంత మంచిగా ఆ స్టేషన్‌లో ఇంకెవరూ చెప్పలేకపోయేవారు.

వెనక బల్లమీంచి ఒకడు, "ఇన్నాళ్ళూ చందాలడిగారు, ఇప్పుడు ఉచ్చ కూడా అడుగుతున్నారా అన్నా" అన్నాడు. సమావేశం గొల్లుమంది. ఆ నవ్వులో మంచి మాట కాస్తా కొట్టుకుపోయేలా ఉందని అటకోరాకు తోచింది. ముందు కమిటీ నలుగురం ఇస్తాం, ఆ తర్వాతే మిమ్మల్ని అడుగుతాం అనేశాడు. చప్పట్లు మోగాయి. ఆ చప్పట్లలో కూర్చుంటూ ఉండగా తానేమన్నాడో అతనికి అర్థమైంది.

నాలుగు రోజులు మానేస్తే ఒంట్లోంచి పోతుందని అతను విన్నాడు. చెప్పినవాడు మాత్రలమ్మేవాడే. సరే అని మానేశాడు. మొదటి రోజు ఆవులింతలు, రెండో రోజు చెమటలు, మూడో రోజు పడిశం పట్టినట్టు ముక్కు కారడం, కాళ్ళు వాటంతటవే ఎగిరిపడటం. సెర్వా మలేరియా అనుకుని ఆకులు మరిగించి ఆవిరి పట్టించింది. దుప్పటి కింద ఆ ఆవిరిలో కూర్చుని అతను ఏడ్చాడు. ఆవిరి కదా, ఎవరికీ తేడా తెలియలేదు. నాలుగో రోజు అక్రా దారిలో స్టీరింగు మీద చేతులు వణకడం మొదలైంది. వెనక ముప్పైమంది జనం. పక్కకు తీసి ఆపి, ఇంజను చూస్తున్నట్టు మూత ఎత్తాడు. మళ్ళీ లోపలికి వచ్చి ఫ్యూజుల పెట్టె తెరిచాడు. వీళ్ళ ప్రాణాల కోసమే మింగుతున్నాను అనుకున్నాడు. మర్నాడు పొద్దున పరీక్ష.

చీటీలు శుక్రవారం వచ్చాయి. ఇక్కడ ఆ యూనియన్ పెద్దలు చేసిన తెలివితక్కువ పని ఒకటి చెప్పాలి. రహస్యానికి కవర్లన్నారు, అంకెలన్నారు, తలుపు మూసిన గది అన్నారు. పౌడరు సంగతి మాత్రం ఎవరూ ఆలోచించలేదు. కేసు గెలిచి కోర్టులోంచి వచ్చినవాడికీ, పరీక్ష పాసైనవాడికీ, గండం గడిచి ఆసుపత్రినుంచి వచ్చినదానికీ మెడ నిండా తెల్ల పౌడరు పోసి ఊరేగించకుండా మన ఆడవాళ్ళు ఊరుకుంటారా. టికెట్ల గది ముందు ఇరవైమంది డబ్బాలు పట్టుకుని పాటలు మొదలుపెట్టారు. ఛైర్మన్ బాఫో బయటికి వచ్చి చీటీ చించి తల మీదుగా ఊపాడు. పోశారు. సెక్రటరీకి పోశారు. కోశాధికారి పాపం దగ్గుతూనే ఉన్నాడు, అయినా పోశారు. ఇక ఆ గుమ్మంలోంచి పౌడరు లేకుండా నడిచిపోయేవాడి చీటీలో ఏముందన్నది ఏ కవరూ దాచలేదు.

లోపల నర్సు డెడే చాలా నెమ్మదిగా మాట్లాడింది. "బాబాయ్, ఇందులో ట్రామోల్ కనబడుతోంది. నొప్పికేమైనా వేసుకుంటున్నారా? చెబితే కాగితం రాసిస్తాను, మూడో కంటికి తెలియదు."

ఆ పిల్ల గొంతులో నింద లేదు. అవునంటే సరిపోయేది. ఎవరైనా నిలబడి చెప్పుకోవడానికేగా అతనే ఈ గదిని పెట్టించింది. కానీ బయట పాట వినబడుతోంది. పాటలో అందరికన్నా పై స్థాయిలో సెర్వా గొంతు వినబడుతోంది.

"నేనేం వేసుకోనమ్మా. పొద్దున్నే మెమూనా దగ్గర కషాయం తాగుతాను. అంతే."

అది అతను కూర్చుకుని చెప్పిన మాట కాదు, నోట్లోంచి దానంతటది జారిపడింది. వెనక్కి తీసుకోవడానికి ఆ తర్వాత ఒక్క క్షణం వ్యవధి ఉంది. నర్సు కలం మూత తీసేదాకా. అతను కిటికీ వైపు చూస్తూ ఆ క్షణాన్ని పోనిచ్చాడు. ఆమె ఏదో రాసుకుంది. అతను చీటీ మడిచి మేజోటిలో దోపుకుని తలుపు తీశాడు.

అతని చేతిలో చీటీ ఉందో లేదో కూడా ఎవరూ చూడలేదు. మొక్కజొన్న కెంకే ముద్దలమ్మే అద్వోవా అందరికన్నా ముందు ఉరికింది. "మా అన్నకు చీటీ ఎందుకమ్మా, ఈయన ఉచ్చతో బాప్తిస్మం ఇవ్వచ్చు" అంది. ఆడవాళ్ళు పడీపడీ నవ్వారు. తల మీద, మెడ మీద, కనురెప్పల మీద పౌడరు. సెర్వా తన చేతులతో రుద్దింది. ఆ గుంపులోనే మెమూనా కూడా ఉంది. బల్ల వదిలి తడి చేతులు కొంగుకు తుడుచుకుంటూ వచ్చి, దోసెడు పౌడరు అతని మెడ మీద పోసి, అల్లా నిన్ను ఎప్పుడూ ఇలాగే ఉంచాలి క్వాసీ అని దీవించింది. అతను ఆమె కాళ్ళవైపు చూశాడు. ముఖంలోకి చూడలేకపోయాడు.

ఇంటికి వెళ్ళి రెండు బకెట్ల నీళ్ళు పోసుకున్నాడు. సబ్బుతో చెవుల వెనక రక్తం చిమ్మేలా తోముకున్నాడు. సెర్వా మాత్రం ఆ చొక్కా ఉతకనివ్వలేదు, నలుగురూ చూడాలని తీగ మీద ఆరేసింది.

మంగళవారం కమిటీకి నర్సు ఒక హెచ్చరిక చెప్పి వెళ్ళింది. పేర్లేమీ చెప్పలేదు, చెప్పే మనిషి కాదు. తెలియకుండా మందు మింగుతున్నవాళ్ళు కూడా ఉండవచ్చని, స్టేషన్‌లో అమ్మే కషాయాల మీద కన్నేసి ఉంచమని మాత్రమే అంది. స్టేషన్‌లో కషాయం అమ్మేది ఒక్కరే. బాఫో ఒకసారి ఒకటి అనుకున్నాడంటే ఇంక వెనక్కి చూడడు. ఆ మధ్యాహ్నమే మెమూనాను పిలిపించాడు.

ఆమె అరవలేదు, ఏడవలేదు. "నేను రుచి చూడకుండా ఎవరికీ పొయ్యను ఛైర్మన్. అందులో మందుంటే అందరికన్నా ముందు నా ఒంట్లో ఉండాలి. ఆ పరీక్ష డబ్బా ఏదో నాకూ ఒకటి ఇవ్వండి, ఇప్పుడే పోసి తెస్తాను" అంది.

అది సభ్యులకేనని బాఫో చెప్పాడు. అయితే సభ్యత్వం రాయమంది. నువ్వు బండి తోలతావా హజియా అని గుమ్మంలోంచి ఎవరో అన్నారు. డ్రైవర్లంతా నవ్వారు. ఇష్టపడి వచ్చినవాళ్ళకు పరీక్ష అన్నారు గదా, స్టేషన్ మొత్తానికి నిజంగా ఇష్టపడి వచ్చింది ఆమె ఒక్కతే. ఆమెకు డబ్బా ఇవ్వలేదు.

బల్ల తీయించాలా అని చేతులెత్తమన్నారు. మూడు చేతులు లేచాయి. నాలుగోది లేవకపోతే ఎందుకని అడుగుతారు. లేచింది. తన చెయ్యి తన భుజానికి ఉన్నదేనా అన్నట్టు అటకోరా దానివైపు చూశాడు. మెమూనా కూడా చూసింది. కప్పులన్నీ కడిగి, బోర్లించి, గంపకెత్తుకుని వెళ్ళిపోయింది. అతని కప్పు ఒక్కటి మాత్రం అతని బస్సు మెట్టు మీద పెట్టి వెళ్ళింది.

ఆ తర్వాత రెండు నెలలు అటకోరా బతికిన బతుకు పగవాడికి కూడా వద్దు. అతను ముందు ఇచ్చాడు కదా అని నలభైమంది డ్రైవర్లు పేర్లిచ్చారు. వాళ్ళలో ఒకడు అతని దగ్గరికే వచ్చి, అన్నా, నా చీటీలో వచ్చింది, నీకొక్కడికే చెబుతున్నాను, ఆసుపత్రికి పోతాను, నా కోసం ప్రార్థన చెయ్యి అన్నాడు. అటకోరా అతని భుజం మీద చెయ్యి వేసి ధైర్యం చెప్పాడు. మోకాళ్ళ మీద కూర్చుని ప్రార్థన కూడా చేశాడు. లేచి బస్సెక్కి మాత్ర మింగాడు. ఆదివారం చర్చిలో పాస్టరు అతని పేరు చెప్పి, ఇలాంటివాళ్ళుంటే రోడ్లు బాగుపడతాయన్నాడు. వెనక వరసల్లోనివాళ్ళు మెడలు సాచి చూశారు. అతను పాటల పుస్తకంలో ముఖం పెట్టుకున్నాడు.

స్టేషన్‌లో బల్ల ఉన్నచోట పన్నెండేళ్ళుగా ఒలికిన కషాయానికి నేల నల్లబడి ఉండేది. అటుగా నడవలేక అతను వెనక గేటు నుంచి రావడం మొదలుపెట్టాడు. మెమూనా జొంగోలో తన గుమ్మం ముందే కుండ పెట్టుకుంది. ఎవరూ వచ్చేవారు కాదు. ఆ వీధి పిల్లలు ట్రామోల్ అమ్మమ్మ అని అరిచి పారిపోతున్నారని, మసీదు దగ్గర ఆడవాళ్ళు ఆమె పెట్టిన నీళ్ళు కూడా ముట్టడం లేదని సెర్వా వినివచ్చి చెప్పింది. పాపం అనకూడదు గానీ, ఎంతమంది ప్రాణాలతో ఆడుకుందో అని కూడా అంది. అటకోరా ఫుఫూ ముద్దను పళ్ళెంలోనే వదిలేసి చెయ్యి కడుక్కున్నాడు.

చివరికి బోడు పెద్దాయన దగ్గరికి వెళ్ళాడు. ఆయన డ్రైవింగ్ మానేసి పదిహేనేళ్ళయినా, తగవులు తీర్చడానికీ, క్షమాపణలు మోసుకుపోవడానికీ స్టేషన్ అంతా ఆయన్నే పిలుస్తుంది. మన దగ్గర తప్పుచేసినవాడు నోరు విప్పక్కర్లేదు. పక్కన తల వంచుకుని కూర్చుంటే చాలు, పెద్దమనిషే వాడి తరఫున తియ్యగా మాట్లాడి పని చక్కబెడతాడు. అటకోరా ఆయనకు కూడా సగమే చెప్పాడు. హజియా మీద రుజువు లేకుండా చెయ్యెత్తాను, అది నన్ను తినేస్తోంది అన్నాడు. ఎంత మెత్తని మనసయ్యా నీది అని పెద్దాయన మెచ్చుకున్నాడు. సంగతి తెలిసి సెర్వా కూడా మంచి బట్ట కట్టుకుని బయల్దేరింది. అంత మంచి పనికి పోతూ భార్యను వదిలి వెళతారా అంది. వద్దనడానికి అతని దగ్గర కారణం లేదు.

ఆదివారం చర్చి అయ్యాక ముగ్గురూ జొంగోకు వెళ్ళారు. మెమూనా స్టూళ్ళు వేసింది, నీళ్ళిచ్చింది. ముగ్గురూ తాగేదాకా ఆగి, ఇక్కడంతా చల్లగానే ఉంది, మీరేం పని మీద వచ్చారని పద్ధతిగా అడిగింది. చెడ్డ కబురేమీ కాదంటూ బోడు గొంతు సవరించుకున్నాడు. చాలాసేపు మాట్లాడాడు. ఒకే ఇంట్లో ఉన్నవాళ్ళ మాటలు ఒకరికొకరు తగులుకుంటూ ఉంటాయన్నాడు, కమిటీ తొందరపడిందన్నాడు, ఈ పిల్లవాడు మాత్రం నిద్ర పోవడం లేదు, నీ కాళ్ళ దగ్గరికి తెచ్చాను, కడుపులో పెట్టుకో తల్లీ అన్నాడు. అటకోరా తల దించుకుని కూర్చున్నాడు. ఇంకో నిమిషం గడిస్తే అయిపోతుంది. ఆమె సరేనంటుంది, చేతులు కలుపుతారు, ఇంటికి వెళ్ళిపోవచ్చు.

మెమూనా సరేననలేదు.

"పెద్దాయనా, మీ మాట చాలా బాగుంది. కానీ నాకో సంగతి అర్థం కాలేదు. ఆ శుక్రవారం చీటీలందుకున్నది నలుగురు. ఛైర్మన్‌కు నా కషాయం వాసనే గిట్టదు. సెక్రటరీ బి.పి. అని తాగడు. కోశాధికారి టీ మనిషి. నాలుగు రోజులు తిరక్కుండా నర్సుకు నా కషాయం మీద అనుమానం ఎందుకొచ్చింది?"

సెర్వా నవ్వబోయింది. "ఈయనకు మనమే గదా హజియా పౌడరు పోశాం, నువ్వు కూడా..." అంటూ మొగుడి వైపు తిరిగింది. తిరిగి, ఆ మాటను అక్కడే వదిలేసింది.

బోడు చెయ్యి అడ్డం పెట్టి, అతని తరఫున నేను చెబుతాను తల్లీ అన్నాడు. మెమూనా తల అడ్డంగా ఊపింది.

"మీరొద్దు. ఇతనికి పన్నెండేళ్ళు నా చేత్తో పోశాను. ఇతనే చెప్పాలి. క్వాసీ, నా వైపు చూడు. నీ ఒంట్లో ఉన్న మందు నా కుండలోంచి వచ్చిందా?"

అటకోరా తల ఎత్తాడు. సెర్వా వైపు చూడకుండా, మెమూనా వైపే చూస్తూ అన్నాడు.

"లేదు హజియా. నీ కుండలో ఏనాడూ ఏమీ లేదు. నాలుగేళ్ళుగా నేనే కొనుక్కుని మింగుతున్నాను, నర్సు అడిగితే నీ పేరు చెప్పాను. ఇవాళ పొద్దున చర్చికి పోయేముందు కూడా మింగాను. మింగకపోతే నీ గుమ్మందాకా నడవలేకపోయేవాణ్ణి."